ఆరుగురి సర్వర్‌కి అరవైమంది వస్తే

"అన్నా, ల్యాగ్ వస్తోంది. ఇంకో 8 జీబీ ర్యామ్ వేస్తే సరిపోతుందా?" గేమ్ సర్వర్ నడిపే ఎవరికైనా మొదట ఎదురయ్యే ప్రశ్న ఇదే. చాలాసార్లు సరిపోదు. ఎందుకు సరిపోదో అర్థమైతే సర్వర్‌ని పెంచడంలో సగం పాఠం అయిపోయినట్టే. మిగతా సగం దాన్ని కాపాడుకోవడం. ఆడేవాళ్లు పెరిగేకొద్దీ ఈ రెండు పనులూ ఒకటే అవుతాయి, అది ముందుకెళ్తే తెలుస్తుంది.

ఉదాహరణలన్నీ మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్ నుంచే ఇస్తున్నా, మేం నడిపేది అదే కాబట్టి. చిత్తూరు దగ్గర మా ఐరాలలో సెలవుల్లో ఆరుగురం కలిసి ఒక పాత డెస్క్‌టాప్ మీద మొదలుపెట్టాం. ఇప్పుడు సాయంత్రమైతే అరవైమంది దాకా వస్తున్నారు, సగానికి పైగా మన హాస్టల్ జనాభానే.

ముందు టిక్ అంటే ఏంటో చూద్దాం. మైన్‌క్రాఫ్ట్ సర్వర్ సెకనుకి 20 సార్లు ప్రపంచాన్ని ఒక అడుగు ముందుకి నెడుతుంది. ఎవరు కదిలారు, ఏ ఆవు ఎటు పోయింది, ఏ పైరు పెరిగింది, అన్నీ ఆ అడుగులోనే. అంటే ఒక్కో టిక్కుకి 50 మిల్లీసెకన్ల టైముంది. పని 30లో అయిపోతే సర్వర్ మిగతా 20 ఊరికే కూర్చుంటుంది. 80 పట్టిందంటే సెకనుకి 20 టిక్కుల బదులు పన్నెండున్నరే జరుగుతాయి. అప్పుడు కొట్టిన రాయి పగలదు, తిన్న అన్నం అరగదు. ఈ పని దాదాపు అంతా ఒకే థ్రెడ్ మీద నడుస్తుంది. అందుకే ర్యామ్ ఎంత పోసినా, ప్రాసెసర్‌లో ఎన్ని కోర్లున్నా, ఒక్క కోర్ స్పీడే మనల్ని కాపాడేది.

ఇప్పుడు అసలు లెక్క. ఒకే చోట ఆరుగురున్నారు. ప్రతి ఒక్కరి కదలికా మిగతా ఐదుగురికీ చెప్పాలి, అంటే టిక్కుకి 30 కబుర్లు. అదే చోటికి అరవైమంది వస్తే 60 ఇంటూ 59, అంటే 3,540. జనం పదింతలైతే పని 118 రెట్లయింది. అందరూ ప్రతి టిక్కులో కదులుతున్నారనుకుంటే సెకనుకి 70,800 కబుర్లు. నిజం సర్వర్లలో దీన్ని తగ్గించే చిట్కాలు చాలానే ఉంటాయి గానీ లెక్క వంపు మాత్రం ఇదే. ఆరుగురికి బాగా నడిచింది కదా, అరవైకి పదింతల మెషిన్ కొందాం అనుకునేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే.

జనం ఒకచోట చేరకుండా తలో దిక్కుకి పోతే ఇంకో రకం ఖర్చు. వ్యూ డిస్టెన్స్ 10 పెడితే ప్రతి ఆటగాడి చుట్టూ 21 ఇంటూ 21, అంటే 441 చంక్‌లు తెరిచి ఉంచాలి. 6 పెడితే 169 చాలు. ఒక్క అంకె మారిస్తే అరవై శాతానికి పైగా బరువు దిగిపోతుంది, పైసా ఖర్చు లేదు. సిమ్యులేషన్ డిస్టెన్స్ అని పక్కనే ఇంకో సెట్టింగ్ ఉంటుంది. ఎంత దూరం కనపడాలన్నది మొదటిది, ఎంత దూరం వరకు ఆవులూ పైర్లూ బతికి కదలాలన్నది రెండోది. దూరంగా కొండ కనపడితే చాలు, కొండ మీది గొర్రె నడవక్కర్లేదు. కొత్త మెషిన్ కొనేముందు ఈ రెండూ తగ్గించి చూడండి.

అప్పటికీ సరిపోకపోతే విడగొట్టాలి. బీజీఎంఐ లాంటి ఆటలు ఈ బాధని పుట్టుకలోనే తప్పించుకున్నాయి. కోట్లమంది ఆడినా ఒక్కో మ్యాచ్ వందమంది ఉండే వేరే గది, ఒక గదికి ఇంకో గదితో పని లేదు. గదులు పెంచుకుంటూ పోతే సరి. అందరూ ఒకే ప్రపంచంలో ఉండాల్సిన ఆటలకే కష్టమంతా. ఈవ్ ఆన్‌లైన్ అనే అంతరిక్షం ఆట దీనికి భలే ఉపాయం పట్టింది. ఒకచోట యుద్ధానికి జనం మరీ ఎక్కువైతే ఆ చోటులో కాలాన్నే నెమ్మది చేస్తుంది, మామూలు వేగంలో పదోవంతు దాకా. 2014 జనవరిలో బీ-ఆర్5ఆర్‌బీ అనే చోట జరిగిన పోరులో 7,500 మందికి పైగా పాల్గొన్నారు, అది 21 గంటలు సాగింది. అందరికీ నెమ్మదే, కానీ ఎవరికీ అన్యాయం కాదు. సర్వర్ కూలిపోవడం కన్నా ఇది వెయ్యి రెట్లు నయం అని నా ఉద్దేశం.

మేం చేసింది మామూలు పద్ధతే. లాబీ, సర్వైవల్, క్రియేటివ్ మూడూ మూడు సర్వర్లు, ముందు వెలాసిటీ అనే ప్రాక్సీ. ఆడేవాళ్లకి కనపడేది ఒకటే అడ్రస్.

ఒక్కో సర్వర్‌కీ ఒక నిండు అంకె పెట్టుకోవాలి, అది దాటితే క్యూ. క్యూ అంటే మనవాళ్లకి కోపం గానీ, మా ఐరాల మండలంలోనే ఉన్న కాణిపాకం చూడండి. చవితి నుంచి 21 రోజుల బ్రహ్మోత్సవాలు. ఎంత జనం వచ్చినా గర్భగుడి సైజు మారదు. క్యూ గుడి బయట ఉంటుంది కాబట్టే లోపల దర్శనం సాగుతుంది. అదే జనాన్ని లోపలికి వదిలేసి అక్కడ ఆపితే ఎవరికీ దర్శనం కాదు. తిరుమల మూడొందల రూపాయల టికెట్లు ఆన్‌లైన్‌లో వదిలిన రోజు సైట్ మనల్ని ముందు వెయిటింగ్‌లో కూర్చోబెట్టేది కూడా ఇందుకే. 2021 డిసెంబర్‌లో ఫైనల్ ఫాంటసీ 14 కొత్త భాగం వచ్చినప్పుడు లాగిన్ క్యూలు గంటల తరబడి సాగాయి, చివరికి కంపెనీ కొన్నాళ్లు ఆట అమ్మకమే ఆపేసింది. క్యూ పెట్టేటప్పుడు ఒక్క జాగ్రత్త. నెట్ కట్ అయినవాడి స్థానాన్ని రెండు మూడు నిమిషాలు పట్టి ఉంచాలి. వాన పడితే సిగ్నల్ పోయే ఊళ్ల నుంచి ఆడేవాణ్ణి ప్రతిసారీ క్యూ చివరికి పంపితే వాడు ఇక రాడు.

అన్నట్టు, సర్వర్ ఎక్కడుందన్నది కూడా ముఖ్యమే. ఫైబర్‌లో వెలుతురు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. చెన్నై నుంచి సింగపూర్ సుమారు 2,900 కిలోమీటర్లు, పోయి రావడానికే 29 మిల్లీసెకన్లు. ఏ ప్రాసెసరూ దీన్ని తగ్గించలేదు. అమెజాన్ క్లౌడ్ 2022 నవంబర్‌లో హైదరాబాద్‌లోనే రీజియన్ తెరిచింది, కాబట్టి మనలాంటి వాళ్లు సింగపూర్ దాకా పోవక్కర్లేదు.

ఇక కాపలా సంగతి. ప్రాక్సీ పెట్టిన ప్రతివాడూ తెలుసుకోవాల్సిన కన్నం ఒకటుంది. ఎవరు ఎవరో తేల్చే పని ప్రాక్సీ చేస్తుంది కాబట్టి వెనక సర్వర్లలో ఆన్‌లైన్ మోడ్ ఆపేస్తాం. అప్పుడు వెనక సర్వర్ పోర్ట్ ఇంటర్నెట్‌కి తెరిచి ఉంటే, ఎవడైనా నేరుగా అక్కడికి వచ్చి అడ్మిన్ పేరు చెప్పుకుని అడ్మిన్ అయిపోవచ్చు. పాస్‌వర్డ్ అక్కర్లేదు, హ్యాకింగ్ అంతకన్నా అక్కర్లేదు. ముందు గేటులో టికెట్ చూస్తూ వెనక గేటు బార్లా తెరిచినట్టు. ఫైర్‌వాల్‌లో ఆ పోర్ట్‌ని ప్రాక్సీకి తప్ప అందరికీ మూసేయాలి, వెలాసిటీ ఇచ్చే రహస్య కీ కూడా పెట్టాలి. రెండూ చేయాలి, ఒకటి చాలదు.

రెండోది, ఆటగాడి మెషిన్ చెప్పే మాట. "నేను ఇప్పుడే వంద బ్లాకులు దాటాను" అని క్లయింట్ చెప్తే సర్వర్ నమ్మకూడదు. కాణిపాకం వినాయకుడి ముందు ప్రమాణం చేస్తే మనుషులు నమ్ముతారు, క్లయింట్‌ని అక్కడికి తీసుకెళ్లలేం కదా. పోయినసారి ఎక్కడున్నాడు, ఎంత టైమైంది, అంత దూరం సాధ్యమా అని సర్వరే లెక్క కట్టుకోవాలి. అయితే నెట్ ఆగి ఆగి వచ్చేవాడి ప్యాకెట్లు ఒక్కసారిగా గుంపుగా వస్తాయి, అప్పుడు నిజాయితీపరుడు కూడా దొంగలాగే కనిపిస్తాడు. అందుకే బ్యాన్ చేయకుండా పాత చోటికి వెనక్కి లాగడం మేలు. పదే పదే జరిగితే అప్పుడు మనిషే చూసి తేల్చాలి.

చాట్ మెసేజ్ కూడా ఆయుధమే. 2021 డిసెంబర్‌లో లాగ్4జే లోపం బయటపడినప్పుడు, చాట్‌లో ఒక్క లైను టైప్ చేసి మైన్‌క్రాఫ్ట్ సర్వర్ మీద తమ కోడ్ నడిపించుకోగలిగారు. సర్వర్ ఆ లైనుని లాగ్‌లో రాసుకోవడమే దాని నేరం. 1.18.1 వెర్షన్‌తో సరిచేశారు. పాత వెర్షన్ మీద సెంటిమెంట్ ఉన్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

ఫేక్ ఎకౌంట్లతో గుంపుగా జాయిన్ అయి సర్వర్‌ని ముంచే బాట్‌లకి, ఒక ఐపీకి ఇన్నే కనెక్షన్లు అని పరిమితి పెట్టమంటారు ఇంగ్లీష్ ట్యుటోరియల్స్‌లో. మన దగ్గర అది గుడ్డిగా పెడితే మొదట బయటపడేది బాట్‌లు కావు, మన హాస్టలే. హాస్టల్ వైఫై మొత్తం బయటికి ఒకే ఐపీగా కనిపిస్తుంది. మొబైల్ డేటాలో కూడా ఎందరో ముక్కూ మొహం తెలియనివాళ్లు ఒకే ఐపీ పంచుకుంటారు. కాబట్టి ఐపీ పరిమితి వదులుగా, కొత్త ఎకౌంట్లు చేరే వేగం మీద పరిమితి బిగుతుగా పెట్టాలి. తెలిసినవాళ్లే ఆడే సర్వర్ అయితే వైట్‌లిస్ట్‌ని మించింది లేదు.

వీటిలో ఏదీ ఆపలేనిది డీడాస్. ఇంటి లైను 100 ఎంబీపీఎస్ అనుకోండి, 1 జీబీపీఎస్ చెత్త వచ్చి పడితే మన ఫైర్‌వాల్ దాకా రాకముందే దారి నిండిపోతుంది. చవితి రోజు చిత్తూరు-కాణిపాకం రోడ్డు జామ్ అయితే మన ఇంటి తలుపుకి ఎంత గట్టి తాళం ఉంటే ఏం లాభం? చెత్తని ఏరేది పై ఊళ్లోనే జరగాలి, అంటే అంత పెద్ద పైపు ఉన్న హోస్టింగ్ వాళ్ల దగ్గర. అక్కడికి మారినప్పుడు అసలు సర్వర్ ఐపీ కొత్తది తీసుకోవాలి. పాతది ఎవరి దగ్గరో రాసిపెట్టి ఉంటుంది.

మా టోర్నమెంట్‌కి ముందు రోజు ఇలాంటి దాడే జరిగింది. ఎవరు చేశారో తెలియదు. గ్రూప్‌లో ఒకడు, "రేయ్ మామా, బూటర్ రెంట్‌కి దొరుకుతుంది, అనుమానం ఉన్న సర్వర్ మీద మనమూ కొడదాం" అన్నాడు. నలుగురు లైక్ కూడా కొట్టారు. దానికి నేను పెట్టిన జవాబు మిరాయ్ కథ.

2016లో పారస్ ఝా అమెరికాలోని రట్గర్స్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ స్టూడెంట్. మైన్‌క్రాఫ్ట్ సర్వర్లకి డీడాస్ నుంచి రక్షణ అమ్మే చిన్న కంపెనీ కూడా ఉండేది. అతనూ మరో ఇద్దరు కుర్రాళ్లూ కలిసి, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాలూ రౌటర్లలోకి దూరే మిరాయ్‌ని రాశారు. పాస్‌వర్డ్‌ల జాబితాలో అరవై పైచిలుకు జతలే. ఆ సెప్టెంబర్‌లో సెక్యూరిటీ జర్నలిస్ట్ బ్రయాన్ క్రెబ్స్ సైట్ మీద 620 జీబీపీఎస్ దాడి జరిగింది. తర్వాత కోడ్‌ని బయట పడేశారు, దాన్ని వేరేవాళ్లు ఎత్తుకున్నారు. అక్టోబర్ 21న డైన్ అనే కంపెనీ మీద పడితే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ చాలామందికి తెరుచుకోలేదు. ముగ్గురూ 2017లో నేరం ఒప్పుకున్నారు. సొంత యూనివర్సిటీ నెట్‌వర్క్ మీద చేసిన దాడులకి ఝా 86 లక్షల డాలర్లు కట్టాలని 2018లో కోర్టు చెప్పింది. మన ఐటీ చట్టం 66వ సెక్షన్‌లో ఈ పనికి మూడేళ్ల దాకా జైలు, లేదా ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. రెంట్‌కి తీసుకున్నా చేసింది మనమే. పైగా మన కొట్టుడు తగిలేది ఎవరో అమాయకుడి సర్వర్‌కి కూడా కావచ్చు. లైకులు వెనక్కి పోయాయి. టోర్నమెంట్‌ని నాలుగు రోజులు జరిపి, ఆ లోపల రక్షణ ఉన్న హోస్ట్‌కి మారాం.

చివరగా బ్యాకప్. సర్వర్ మళ్లీ కొనొచ్చు, ప్రపంచం ఫోల్డర్ కొనలేం. నడుస్తుండగా కాపీ చేస్తే సగం పాతదీ సగం కొత్తదీ కలిసిపోతుంది, కాబట్టి ముందు సేవ్-ఆఫ్, తర్వాత సేవ్-ఆల్ ఫ్లష్, కాపీ అయ్యాక సేవ్-ఆన్. మాది రాత్రి మూడింటికి తనంతట తానే జరుగుతుంది, ఒక కాపీ వేరే ఊళ్లో ఫ్రెండ్ డిస్క్‌లో ఉంటుంది. నెలకోసారి దాన్ని ఇంకో ల్యాప్‌టాప్ మీద తెరిచి చూస్తాం. పోయిన నెల తెరిస్తే 11 నిమిషాల్లో లేచింది. ఆరుగురం కట్టిన చెరువు కట్ట అలాగే ఉంది, దాని మీద మావాడు కట్టేసి మర్చిపోయిన గాడిద కూడా.