'కాంట్రాబాండ్': ఒక పదపరిశీలన

శంషాబాదు విమానాశ్రయములో బంగారము పట్టుబడినదన్న వార్త వచ్చినప్పుడు ఆంగ్ల పత్రికలలో 'కాంట్రాబాండ్' అనే మాట కనిపిస్తుంది. తెలుగులో దానిని 'దొంగ సరుకు' అంటాము. ఉర్దూలో 'మమ్నూఆ మాల్' అంటారు. మూడు మాటలూ ఒకే వస్తువును సూచించినా, మూడింటి భావము ఒకటి కాదు. ఆ భేదమును విద్యార్థి మిత్రులకు వివరించుటయే మా ఉద్దేశము.

ఈ పదములోని 'బాండ్'ను మన పాతబస్తీలో నిత్యము వినపడే 'బంద్'గా భావించుట సహజమే గాని, అది పొరపాటు. బంద్ పారశీక పదము. సంస్కృతములోని 'బంధ'మునకు దగ్గరి చుట్టము. కాంట్రాబాండ్ ఇటలీ, స్పెయిన్ దేశముల భాషల నుండి 16వ శతాబ్దములో ఆంగ్లమునకు చేరినది. 'కాంత్రా' అనగా ఎదురు. 'బాందో' అనగా ప్రభుత్వము వేయించిన చాటింపు. మన దండోరా, ఉర్దూవారి మునాదీ అటువంటివే. కనుక చాటింపునకు ఎదురేగిన సరుకే కాంట్రాబాండ్. నిషేధమును తెలిపే 'బ్యాన్', బందిపోటును తెలిపే 'బాండిట్' ఈ కుదురులోనివే.

యుద్ధకాలములో ఈ పదమునకు మరొక అర్థమున్నది. తటస్థ దేశమువారు శత్రువునకు చేరవేసే యుద్ధసామగ్రిని పట్టుకొనవచ్చునని 1856 నాటి పారిస్ ప్రకటన అంగీకరించినది. 1948లో సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీ నుండి హైదరాబాదు సంస్థానమునకు విమానములలో ఆయుధములు చేరవేసినాడు. భారత ప్రభుత్వమునకు అవి దొంగరవాణా ఆయుధములు. నిజాము ప్రభుత్వమునకు కావలసిన సరంజామా. సరుకు ఒక్కటే, చాటింపు ఎవరిదన్నదే భేదము.

ఈ మాట మనుష్యులకు సైతము అంటినది. 1861లో అమెరికా అంతర్యుద్ధమున ముగ్గురు బానిసలు పారిపోయి మన్రో కోటకు చేరగా, వారిని యజమానికి తిరిగి అప్పగించుటకు సేనాని బట్లర్ నిరాకరించినాడు. వారు 'యుద్ధ కాంట్రాబాండ్' అన్నాడు. మనిషిని సరుకుగా లెక్కించిన చట్టమును ఆ చట్టపు మాటతోనే ఎదుర్కొన్నాడు.

ఇక బంగారము సంగతి. 1968 నాటి బంగారు నియంత్రణ చట్టము క్రింద సామాన్యుడు ఇంటిలో బంగారు కడ్డీ ఉంచుకొనుట నేరము. 1990లో ఆ చట్టము రద్దయినది. కడ్డీ మారలేదు, మెరుపు మారలేదు. చాటింపు మాత్రమే మారినది.

ఇచ్చటనే 'దొంగ సరుకు' అనే మన మాట మనలను మోసగించుచున్నది. "నేను దొంగిలించలేదు, సొంత డబ్బుతో కొన్నాను" అని ఒకడు, "తెలిసినవారి పొట్లము, చేరవేసినాను, అంతే" అని మరొకడు నిశ్చింతగా ఉంటారు. కాని ఈ నేరము సరుకు యజమానిపై చేసినది కాదు, చాటింపుపై చేసినది. పైగా దొంగరవాణా బంగారమని సహేతుకముగా నమ్మి అధికారులు పట్టుకొన్నప్పుడు, అది కాదని నిరూపించే భారము 1962 కస్టమ్సు చట్టము 123వ సెక్షను ప్రకారము పట్టుబడినవానిదే.

జిద్దా, దుబాయి నగరములలో కష్టపడి తిరిగివచ్చే అన్నలు, బాబాయిలు మన ఇండ్లలో ఎందరో ఉన్నారు. పదార్థము నెరిగిన విద్యార్థి ఈ ఒక్క సంగతి వారి చెవిన వేసినచో, ఏండ్ల చెమట ఒక పొట్లముతో పోకుండ కాపాడినవాడగును. ఉర్దూలోని 'మమ్నూఆ' అనే మాట, అనగా నిషిద్ధము, ఈ సత్యమునకు చాల దగ్గరగా ఉన్నది. రెండు భాషలు ఒకే ప్రాంగణములో చదువుకొనుటలోని లాభమిదియే: ఒక భాష దాచిన అర్థమును రెండవది వెలికితీయును.