పసుపు పెట్టె కరపత్రం

ప్రశ్న: కాంగ్రెస్‌కు ఓటంటే పసుపు పెట్టెలో వేయమనే తెలుగు కరపత్రం తాతగారి ట్రంకుపెట్టెలో దొరికింది. ఏ కాలంది? ఎలా దాచాలి?
— ఒక పాఠకురాలు, మైలాపూరు, చెన్నై

జవాబు: చాలావరకు 1937 మద్రాసు శాసనసభ ఎన్నికలదే. చదువురాని ఓటర్ల కోసం అప్పట్లో రంగు పెట్టెలు పెట్టారు, కాంగ్రెస్‌ది పసుపు. జస్టిస్ పార్టీ చిత్తుగా ఓడి, రాజాజీ మద్రాసు రాష్ట్ర ప్రధాని (ప్రీమియర్) అయిన ఎన్నికలవి. కాగితం అడుగు అంచు చూడండి. 1867 నాటి ముద్రణ చట్టం తప్పనిసరి చేసిన ముద్రాపకుడి పేరు, అచ్చయిన ఊరు సాధారణంగా అక్కడ ఉంటాయి. సేకరించేవాళ్లు ముందు వెతికేది ఆ చిన్నక్షరాల వరుసనే. శుభ్రంగా కనబడాలని అంచులు కత్తిరించేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది!

లామినేషన్ వద్దు, సెల్లోటేపు అసలే వద్దు. మన చెన్నై తేమకు గోడకు ఆనని బీరువాలో, ఆమ్లరహిత కాగితాల మధ్య పరిచి ఉంచండి. అమ్మే తొందర లేకపోతే ముందు తరమణిలోని రోజా ముత్తయ్య పరిశోధన గ్రంథాలయంలో చూపించండి.