జీవితమునకు అర్థము

జీవితమునకు అర్థము అందరికిని ఒకేచోట లభింపదు. కొందరికి కళలో, కొందరికి కుటుంబములో, కొందరికి సేవలో లభించును. యల్లాప్రగడ సుబ్బారావుగారికి అది దుఃఖమునుండి లభించినది.

ఆయన 1895లో భీమవరమున జన్మించిరి. యౌవనముననే సోదరుడొకడు సంగ్రహణి వ్యాధికి బలియయ్యెను. నాటి వైద్యులయొద్ద దానికి తగిన ఔషధము లేదు. ఆ లోటు సుబ్బారావుగారి హృదయమున నాటుకొన్నది. మదరాసులో వైద్యవిద్య నభ్యసించి, అమెరికా కేగి, ఆసుపత్రిలో చిరుద్యోగము చేయుచు పరిశోధన సాగించిరి. 1945లో ఆయన నాయకత్వమున లెడర్లీ ప్రయోగశాలవారు ఫోలికామ్లమును కృత్రిమముగా తయారుచేసిరి. సంగ్రహణి రోగుల కది దివ్యౌషధమైనది. 1948లో ఆయన కన్నుమూసిరి.

పోయిన సోదరుడు తిరిగి రాలేదు. కాని అట్టి సోదరు లెందరో బ్రతికిరి. మనస్సును వీడని వేదనను లోకహితమునకు మరలించినవాని జీవితము సార్థకము.