గేటు బయట జరిగినా ర్యాగింగే

నారాయణపేట నుంచి ఒక తల్లి ఫోన్ చేశారు. కొడుకు ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం. అత్తాపూర్‌లో ఒక ప్రైవేటు హాస్టల్లో ఉంటూ, శంషాబాద్ అవతలి కాలేజీకి బస్సులో వెళ్లొస్తాడు. సీనియర్లు ఉండేదీ అదే హాస్టల్లో, పై అంతస్తులో. రాత్రి పదకొండు దాటాక ‘ఇంటరాక్షన్’ అని పైకి పిలుస్తారట. వాళ్ల రికార్డులు రాసిపెట్టాలి, బట్టలు ఉతకాలి, బిర్యానీకి తన ఫోన్ నుంచే డబ్బు కొట్టాలి. కాదన్న రాత్రి చెంప వాచింది. ఆమె పొద్దున్నే బస్సెక్కి కాలేజీకి వస్తే, ‘అది మా హాస్టల్ కాదమ్మా, గేటు బయట జరిగినదానికి మేమేం చేస్తం’ అన్నారు. హాస్టల్ ఓనరేమో ‘పిల్లలన్నంక ఇవన్నీ ఉంటయి’ అన్నాడు.

‘మరి నేనెవరి దగ్గరికి పోవాలె సార్?’ అని ఆమె అడిగారు.

అమ్మా, ముందుగా మీరు తెలుసుకోవాల్సింది ఒకటుంది. ‘గేటు బయట’ అన్న మాటకు చట్టంలో విలువ లేదు. 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన ర్యాగింగ్ నిషేధ చట్టమే నేటికీ తెలంగాణలో అమల్లో ఉంది. విద్యాసంస్థ లోపలైనా బయటైనా ర్యాగింగ్ నిషేధం అని అందులోని 3వ సెక్షన్ చెబుతుంది. విద్యాసంస్థ అంటే కాలేజీలతో పాటు హాస్టళ్లు, ట్యుటోరియల్ సంస్థలు కూడా అని ఆ చట్టమే నిర్వచించింది. 2009లో యూజీసీ తెచ్చిన నిబంధనలు ఇంకో అడుగు ముందుకేశాయి. క్యాంపస్ బయటి వసతులకూ, విద్యార్థులు ఎక్కే వాహనాలకూ, అవి ప్రైవేటువైనా ప్రభుత్వానివైనా, ఆ నిబంధనలు వర్తిస్తాయి. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్ల కింద పొద్దున కాలేజీ బస్సుల కోసం నిలబడే పిల్లలు బస్సులో వెనక సీట్ల దగ్గర ఏం పడుతున్నారన్నది కూడా కాలేజీ బాధ్యతే.

‘కొట్టలేదు కదా, రికార్డులే రాయించుకున్నారు’ అని ఎవరైనా తేలిక చేయబోతే ఊరుకోకండి. సీనియర్లు తమ చదువు పనులు జూనియర్లతో చేయించుకోవడం, బలవంతంగా ఖర్చు పెట్టించడం యూజీసీ నిబంధనల్లో ర్యాగింగ్ కిందే వస్తాయి. రాష్ట్ర చట్టానికైతే విద్యార్థికి అవమానమో భయమో కలిగించే పని చాలు. జూనియర్లను వేధించే వాట్సాప్ గ్రూపులను కూడా ర్యాగింగ్‌గానే చూడాలని 2025లో యూజీసీ కాలేజీలకు చెప్పింది.

రాష్ట్ర చట్టంలోని శిక్షలు చిన్నవేమీ కావు. ఎగతాళి చేసి అవమానిస్తే 6 నెలల దాకా జైలు, లేదా 1,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. చేయి చేసుకున్నా బెదిరించినా ఏడాది. గదిలో నిర్బంధించినా గాయపరిచినా 2 ఏళ్లు. ప్రాణం పోతే, ఆత్మహత్యకు పురిగొల్పితే, యావజ్జీవం దాకా. ఆరు నెలలకు మించి జైలు శిక్ష పడిన విద్యార్థికి వేరే ఏ కాలేజీలోనూ సీటు ఇవ్వకూడదు.

నేను అందరికంటే ముందు ప్రిన్సిపాళ్లకు చదివి వినిపించాలనుకునేది మాత్రం 7వ సెక్షన్. ఫిర్యాదు అందగానే సంస్థ అధిపతి విచారణ జరిపించాలి, ప్రాథమికంగా నిజమని తేలితే ఆ సీనియర్లను సస్పెండ్ చేయాలి. అది చేయకుండా నిర్లక్ష్యం చేస్తే ఆయన నేరానికి ప్రోత్సాహం ఇచ్చినట్టే లెక్క. ర్యాగింగ్ చేసినవాడికి పడే శిక్షే ఆయనకూ పడుతుంది. అందుకే మీ ఫిర్యాదు నోటిమాటగా ఉండకూడదు. మీరు మొన్న మాటతో వెళ్లారు కాబట్టే వాళ్లు మాటతో పంపేశారు.

మన దగ్గరే జరిగిన సంగతి ఒకటి చెబుతాను. 2022 నవంబర్‌లో శంకర్‌పల్లి దగ్గర ఇక్ఫాయ్ బిజినెస్ స్కూల్ హాస్టల్ గదిలో ఒక విద్యార్థిని కొందరు కొడుతున్న వీడియో బయటికొచ్చింది. సోషల్ మీడియాలో దుమారం రేగాక సంస్థ 12 మందిని సస్పెండ్ చేసింది, సైబరాబాద్ పోలీసులు మిగతా సెక్షన్లతో పాటు ఈ 1997 చట్టం కింద కూడా కేసు పెట్టారు. దెబ్బలు పడ్డ రోజుకూ కేసు నమోదైన రోజుకూ మధ్య దాదాపు పది రోజులు గడిచాయి. ఆ పది రోజులూ ఆ పిల్లవాడు ఎలా గడిపి ఉంటాడో తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

వీడియో లేని కేసుల గతి వేరు. 2015 జూలైలో ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం హాస్టల్లో వరంగల్‌కు చెందిన ఆర్కిటెక్చర్ విద్యార్థిని ప్రాణం తీసుకుంది. రాష్ట్రమంతా కదిలింది, విచారణ కమిటీ వచ్చింది. తొమ్మిదేళ్ల తర్వాత, 2024 నవంబర్‌లో, సాక్ష్యాధారాలు చాలవని గుంటూరు కోర్టు ఆ ర్యాగింగ్ కేసు కొట్టేసింది. కోపం ఎంత ఉన్నా కోర్టు అడిగేది రుజువే. కాబట్టి మీ బాబుతో ఈ రాత్రే ఒక నోట్‌బుక్ తీయించండి. ఏ తేదీ, ఎన్ని గంటలకు, ఏ గదిలో, ఎవరెవరు, ఏమన్నారు, ఎవరు చూశారు, అన్నీ రాయమనండి. బస్సు దగ్గర జరిగిందైతే పిల్లర్ నంబర్ కూడా రాయాలి. అత్తాపూర్‌లో అంతకంటే ఖచ్చితమైన చిరునామా లేదు. బిర్యానీకి డబ్బు పంపిన చెల్లింపుల వివరాలు, వాట్సాప్ మెసేజ్‌లు చెరపొద్దు, ఆ ఫోన్ మార్చొద్దు. చెంప వాపు తగ్గకముందే డాక్టరుకు చూపించి చీటీ తీసుకోండి.

ఇక ఫిర్యాదు. 1800-180-5522కు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, డబ్బు పడదు. 2009 మార్చిలో హిమాచల్‌లోని టాండా మెడికల్ కాలేజీలో ర్యాగింగ్‌కు ఒక విద్యార్థి బలైన తర్వాత, సుప్రీంకోర్టు జోక్యంతో మొదలైన హెల్ప్‌లైన్ ఇది. సమాచారం ఇచ్చినవారి పేరు గోప్యంగా ఉంచాలని నిబంధన ఉంది కనుక బాబు స్నేహితుడైనా చేయొచ్చు.

పోలీస్ స్టేషన్‌లో ‘ఇది మా పరిధి కాదు’ అంటే జీరో ఎఫ్ఐఆర్ అడగండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వొచ్చు, ఎఫ్ఐఆర్ ప్రతి ఉచితంగా ఇవ్వాలి. తీసుకోకపోతే డీసీపీకి పోస్టులో పంపండి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ ఉన్నారు. కులం పేరుతో దూషిస్తే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వస్తుంది. బాబుకు 18 నిండకపోతే ఆ సంగతి ఫిర్యాదులో తప్పక రాయండి. లాయరు ఫీజు గురించి దిగులు వద్దు, 15100కు ఫోన్ చేస్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ దారి చూపుతుంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు. పిల్లవాడు తిండి మానేసి ముభావంగా ఉంటే 14416 టెలీ మానస్‌కు వాడితో మాట్లాడించండి. కేసు కంటే అది ముందు.

రేపు మళ్లీ కాలేజీకి వెళ్లండి. ఈసారి రెండు కాగితాలతో. ఒకటి ప్రిన్సిపాల్‌కు, ఒకటి మీకు. యూజీసీ నిబంధనల ప్రకారం, కేసు పెట్టదగ్గ నేరం కనిపిస్తే సమాచారం అందిన 24 గంటల్లో సంస్థే ఎఫ్ఐఆర్ కోసం పోలీసుల దగ్గరికి వెళ్లాలి, లోపలి విచారణ, చర్యలు 7 రోజుల్లో ముగించాలి. మీ కాగితం మీద ముద్ర, సంతకం, తేదీతో పాటు టైము కూడా వేయించుకోండి. ఆ 24 గంటలు అక్కడి నుంచే లెక్క.