జేబులో లైటు... గట్టు మీద ధైర్యం

చీకటి పడ్డాక పొలం వెళ్లేవాడి చేతిలో కర్ర, లైటు రెండూ ఉండాలని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు. నారుమడికి నీరు పెట్టడం, మోటారు కట్టేసి రావడం, కల్లంలో ధాన్యానికి కావలి పడుకోవడం, అర్ధరాత్రి ఈనే గేదె దగ్గర కూర్చోవడం... పగలు కరెంటు ఇచ్చినా రైతుకు రాత్రి పని తప్పదు. ఆడవాళ్లయినా తెల్లవారుజామున పాలు తీయడానికి చీకట్లోనే పాకలోకి వెళ్లాలి.

మరి ఏ లైటు కొనాలి? సంతలో చూస్తే రకరకాలు. పెట్టె మీద వేల ల్యూమెన్లు, కిలోమీటర్ల ఫోకస్ అని పెద్దక్షరాలు. అవి చూసి కొంటాం. పది రోజులకు మూల పడుతుంది. చేతిలో లైటు లేకుండానే మళ్లీ గట్టు మీద నడుస్తుంటాం. రైతు సోదరులు ఒక్క మాట గుర్తుంచుకోవాలి. అవసరం వచ్చిన క్షణానికి జేబులో ఉండి, నొక్కగానే వెలిగేదే మంచి లైటు. మిగతా లెక్కలన్నీ దాని తర్వాతే.

చీకట్లోనే ముప్పు

2020లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాము కాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారు. అంటే ఏడాదికి సగటున 58 వేల మంది. వీరిలో ఎక్కువ మంది పల్లెల వాళ్లే. సగం మరణాలు జూన్ నుంచి సెప్టెంబరు లోపు, అంటే మనం నాట్లు వేసి నీళ్లు పెట్టుకునే రోజుల్లోనే జరిగాయి.

కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది. రక్తపింజర కూడా పొద్దు గూకాక చురుగ్గా ఉంటుంది. ఎండుటాకుల్లో, గడ్డిలో కలిసిపోయి కదలకుండా పడి ఉంటుంది. దాని మీద కాలు పడితేనో, మరీ దగ్గరగా వెళితేనో కాటేస్తుంది. అడుగు వేసే చోటు ముందే కనిపిస్తే ఈ ప్రమాదం చాలా వరకు తప్పుతుంది. గట్టు లేని నేలబావి, తెగిన కరెంటు తీగ, గట్టుకు పడిన గండి... ఇవన్నీ కూడా వెలుగుంటేనే కనిపిస్తాయి.

సెల్‌ఫోన్ లైటు చాలదా?

ఇంట్లో కింద పడిన వస్తువు వెతుక్కోవడానికి చాలు. పొలానికి చాలదు. ఫోన్ వెలుగు నాలుగు అడుగుల దూరంలోనే చెదిరిపోతుంది. తడి చేత్తో దాని తెర మీద వేలు సరిగా పలకదు. మడిలో పడితే ఫోనే పోతుంది. అన్నిటికీ మించి, కీడు జరిగితే 108కి ఫోన్ చేయాల్సింది దాంతోనే. లైటుగా వాడి చార్జింగ్ అయిపోగొడితే ఆ దారి కూడా మూసుకుపోతుంది. ఫోన్ ఫోన్‌గానే ఉండాలి, లైటు లైటుగా ఉండాలి.

పాత బల్బుకు, ఎల్.ఇ.డి.కి తేడా

పాత టార్చిలో సన్నటి తీగ కాలి వెలుగు ఇచ్చేది. సెల్లులో కరెంటు ఎక్కువ భాగం వేడిగానే పోయేది. కింద పడితే తీగ తెగేది. ఎల్.ఇ.డి.లో తీగ లేదు, తెగే బాధా లేదు. నీలం వెలుగు ఇచ్చే ఎల్.ఇ.డి. మీద పసుపు పచ్చటి పూత పూసి తెల్లటి వెలుగు తెప్పిస్తారు. ఆ నీలం ఎల్.ఇ.డి.ని సాధించిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. మూడు పెద్ద సెల్లుల టార్చి చేసే పనిని బొటనవేలంత లావు లైటు చేయగలుగుతోందంటే కారణం ఇదే.

ల్యూమెన్ల లెక్క

లైటు మొత్తం ఎంత వెలుగు వెదజల్లుతుందో చెప్పే కొలత ల్యూమెన్. సెల్లును మన బావి అనుకోండి. ల్యూమెన్లు పైపు సైజు అనుకోండి. పైపు లావు చేస్తే నీళ్లు జోరుగా వస్తాయి గానీ బావి తొందరగా అడుగంటుతుంది.

ఒక్క లెక్క చూద్దాం. బొటనవేలంత లావుండే 18650 అనే లిథియం సెల్ 2500 ఎం.ఏ.హెచ్. ఉందనుకోండి. 3.7 వోల్టులతో గుణిస్తే సుమారు 9 వాట్-అవర్లు. మంచి ఎల్.ఇ.డి. లైటు ఒక వాట్‌కు సుమారు 100 ల్యూమెన్లు ఇస్తుంది. అంటే 100 ల్యూమెన్ల మీద పెట్టుకుంటే 9 గంటల దాకా, ఇంచుమించు రాత్రంతా వస్తుంది. అదే 1000 ల్యూమెన్ల మీద పెడితే గంట కూడా రాదు. పైగా ఆ వేడిని చిన్న గొట్టం తట్టుకోలేదు కాబట్టి కొద్ది నిమిషాలకే లైటు తనంతట తానే వెలుగు తగ్గించుకుంటుంది.

మనకు కావలసింది ఎంత? పాకలో, గదిలో 5 నుంచి 20 ల్యూమెన్లు చాలు. గట్టు మీద నడవడానికి 50 నుంచి 100. దూరంగా ఏదో అలికిడి అయితే చూడడానికి 300 వరకు. చిన్నది, మధ్యది, పెద్దది అని మూడు మెట్లున్న లైటు తీసుకుంటే అన్ని పనులకూ సరిపోతుంది. చిన్న మెట్టు లేని లైటు వద్దు. చీకటికి అలవాటు పడిన కంటి మీద ఒక్కసారిగా పెద్ద వెలుగు పడితే, లైటు ఆర్పాక చాలాసేపు ఏమీ కనపడదు. కన్ను మళ్లీ చీకటికి పూర్తిగా అలవాటు పడడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది.

పెట్టె మీద రాతలు ఇలా చదవాలి

దూరం: మంచి కంపెనీలు ఒక పద్ధతి ప్రకారం కొలుస్తాయి. వెలుగు పావు లక్స్‌కు, అంటే పున్నమి వెన్నెలంతకు తగ్గే చోటు వరకు దూరం కింద లెక్క. పెట్టె మీద 200 మీటర్లు అని ఉంటే అక్కడ వెన్నెల పాటి వెలుగే పడుతుంది. అందులో సగం దూరానికి, అంటే 100 మీటర్ల దగ్గర, దానికి నాలుగు రెట్లు ఉంటుంది. స్పష్టంగా చూడాలంటే రాసిన దూరంలో సగమే లెక్క వేసుకోవాలి.

గంటలు: మొదటి వెలుగులో పదో వంతుకు తగ్గేదాకా లెక్కగడతారు. 10 గంటలు అని రాస్తే పది గంటలూ ఒకేలా వెలుగుతుందని కాదు. అందులో చాలా గంటలు మసక వెలుగే కావచ్చు.

నీటి గుర్తు: ఐ.పి.ఎక్స్.4 అంటే చినుకులకు, చిమ్మిన నీళ్లకు ఆగుతుంది. ఐ.పి.ఎక్స్.7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా లోపలికి నీరు పోదు. వరి పండించే వాళ్లు రెండోదే చూసుకోవాలి. మడిలో జారిపడని లైటు ఉండదు కదా! తల ముందుకీ వెనక్కీ జరిపే జూమ్ లైట్లలో ఆ సందులోంచి నీరు, దుమ్ము దూరే అవకాశం ఎక్కువ.

సెల్ సామర్థ్యం: 18650 సెల్లు మీద 9900 ఎం.ఏ.హెచ్. అని కనిపిస్తే నమ్మవద్దు. ఆ సైజులో మంచి సెల్లుకైనా 3500 చుట్టుపక్కలే ఉంటుంది. సెల్లు మీద అబద్ధం రాసినవాడు ల్యూమెన్ల దగ్గర మాత్రం నిజం రాస్తాడా?

ఏ సెల్ మేలు?

పెన్సిల్ సెల్లుది: ఊళ్లో కిరాణా కొట్లో కూడా సెల్ దొరుకుతుంది. ఇదే దీని బలం. ఒక్క సెల్ లైటు చొక్కా జేబులో పడుతుంది. చార్జింగ్ చేసుకునే పెన్సిల్ సెల్లులు కొనుక్కుంటే మాటిమాటికీ సెల్లులకు పెట్టే ఖర్చు తగ్గుతుంది. 2000 ఎం.ఏ.హెచ్. సెల్లుతో 50 ల్యూమెన్ల మీద నాలుగు గంటల దాకా వస్తుంది. రోజుకు అరగంట, గంట వాడేవాళ్లకు ఇది చాలు.

లిథియం సెల్లుది: ఎక్కువ వెలుగు, ఎక్కువ గంటలు. ఫోన్ చార్జరుతోనే పెట్టుకునే టైప్-సి రంధ్రం ఉన్నది చూసుకోండి. సెల్ బయటికి తీసే వీలుండాలి. లోపలే అతికించేసి ఉంటే రెండు, మూడేళ్లకు సెల్ నీరసించాక లైటు మొత్తం పారేయాల్సిందే. రాత్రి కావలి ఉండేవాళ్లకు, తోటలు దూరంగా ఉన్నవాళ్లకు ఇది మంచిది.

లెడ్-యాసిడ్ బ్యాటరీ ఉండే చవక చార్జింగ్ లైట్లూ వస్తున్నాయి. ఇవి బరువు, జేబులో పట్టవు. చార్జింగ్ అయిపోయాక నెలల తరబడి అలాగే వదిలేస్తే బ్యాటరీ చచ్చిపోతుంది.

షాపులోనే చూసుకోవాల్సినవి

* ఒక్క చేత్తో పట్టుకుని బొటనవేలితో నొక్కి చూడండి. తడి చేత్తో, కంటితో చూడకుండా మీట దొరకాలి.
* నొక్కగానే వెలగాలి. ముందు మిణుకుమిణుకుమనే మెట్టు దాటితే గానీ మామూలు వెలుగు రాని లైటు గట్టు మీద పనికిరాదు.
* గోడ మీద వేసి చూడండి. మధ్యలో చుక్కలా ఫోకస్, చుట్టూ వెడల్పుగా పల్చటి వెలుగు రెండూ పడాలి. దూరం చూడ్డానికి ఫోకస్, కాళ్ల దగ్గర చూడ్డానికి పల్చటి వెలుగు.
* వెలుగు రంగు చూడండి. మరీ నీలంగా ఉంటే గోధుమ, ఎరుపు రంగులు వెలవెలబోతాయి. అరచేతి మీద వేసినప్పుడు చర్మం రంగు సహజంగా కనిపించేది తీసుకోండి.
* వెనక మూత తిప్పి చూడండి. మర తేలిగ్గా పట్టాలి. లోపల రబ్బరు రింగు ఉండాలి.
* ఊపితే లోపల చప్పుడు రాకూడదు.
* జేబుకు తగిలించే క్లిప్పు గానీ, చేతికి వేసుకునే తాడు గానీ ఉండాలి.
* బిల్లు, గ్యారంటీ కాగితం అడిగి తీసుకోండి.

వాడే పద్ధతి కూడా ఉంది

నడిచేటప్పుడు లైటును నడుము ఎత్తులో, ఇంకా కిందగా పట్టుకుని, మూడు, నాలుగు అడుగుల ముందుకు ఏటవాలుగా వేయాలి. అప్పుడు నేల మీద ఉన్న ప్రతి దానికీ పొడుగాటి నీడ పడుతుంది. పామైనా, రాయైనా, గుంటైనా తేలిగ్గా కనిపెట్టవచ్చు. అదే తలకు కట్టుకుంటే వెలుగు, చూపు ఒకే దారిన పోయి నీడలు అంతగా కనిపించవు. చేతులు రెండూ ఖాళీగా కావాల్సిన పనికి తల లైటు మంచిదే గానీ నడకకు చేతి లైటే మేలు.

స్టార్టరు పెట్టె దగ్గరికి వెళ్లినప్పుడు ముందు దూరం నుంచే లైటు వేసి చూడండి. తీగ తెగి ఉందా, పెట్టె మీద నీళ్లు కారుతున్నాయా అన్నది చూశాకే దగ్గరికి పోవాలి. రోడ్డు మీద ఎదురొచ్చే బండివాడి కళ్లలోకి లైటు కొట్టవద్దు. కిందికి వంచి పట్టుకుంటే మీరు అతనికి కనిపిస్తారు, అతనికి దారీ కనిపిస్తుంది.

లైటు ఉంది కదా అని కర్ర, బూట్లు మానేయకూడదు. మూడూ ఉంటేనే రక్షణ.

జాగ్రత్తలు

పాత సెల్లు, కొత్త సెల్లు కలిపి వేయవద్దు. పని లేని నెలల్లో పెన్సిల్ సెల్లులు తీసి విడిగా పెట్టండి, లేకపోతే కారి స్ప్రింగులు తుప్పు పడతాయి. లిథియం సెల్లును తాళాలు, చిల్లర ఉన్న జేబులో విడిగా వేయవద్దు. చివర్లు కలిసి మంట పుట్టవచ్చు. పై తొడుగు చిరిగినా, సెల్ ఉబ్బినా వాడవద్దు. మంచం మీద, గడ్డివాము పక్కన చార్జింగ్ పెట్టవద్దు. పాత సెల్లును మంటలో వేయడం చాలా ప్రమాదం. మందు కొట్టిన చేత్తో లైటు పట్టుకోవద్దు. ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

ఇంట్లో లైటుకు ఒక మేకు కేటాయించండి. వాకిలి పక్కన అందరికీ అందే ఎత్తులో ఉంటే మంచిది. వాడినవాళ్లు మళ్లీ అక్కడే తగిలించాలి. వారానికొక రోజు, సంత రోజో, ఆదివారమో అనుకుని, చార్జింగ్ పెట్టే అలవాటు చేసుకోవాలి.

ఇంత జాగ్రత్తగా ఉన్నా ఎప్పుడైనా పాము కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం చేయవద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, పాము విషానికి విరుగుడు మందు ఉండే ఆస్పత్రికి వెంటనే తీసుకెళ్లాలి. కట్లపాము కాటుకు ఒక్కోసారి నొప్పి, గాటు కూడా తెలియవు. కరిచిందన్న అనుమానం ఉన్నా ఆలస్యం చేయకూడదు.

ఎరువుల కట్ట కొనేటప్పుడు ఎంత విచారిస్తామో లైటు కొనేటప్పుడూ అంత విచారించాలి. పెట్టె మీది అంకెల కంటే మీ జేబు సైజు, మీ ఊళ్లో దొరికే సెల్లు, మీరు నడిచే గట్టు చూసుకుని కొనండి. ఇప్పుడు ఇంట్లో ఉన్న లైటును ఈ రాత్రే ఒకసారి గట్టు మీద వేసి చూసుకోండి. నాలుగు అడుగుల ముందు నేల స్పష్టంగా కనిపించకపోతే, నాట్లు మొదలయ్యే లోపే దాన్ని మార్చేయాలి.