చెరకు సీమ – దేశాల భవితవ్యం

ఒక దేశ భవితవ్యాన్ని నిర్ణయించే శక్తులలో ప్రధానమైనవి మూడు: భౌగోళిక రాజకీయ స్థితి, ఆర్థిక వ్యవస్థ, జనాభా స్వరూపం. వీటి ప్రభావం అగ్రరాజ్యాల చరిత్రలోనే గాక ఒక చిన్న ప్రాంతపు చరిత్రలోనూ గోచరిస్తుంది. అందుకు నిజామాబాదు జిల్లా చక్కని నిదర్శనం.

పూర్వం ఇందూరుగా ప్రసిద్ధికెక్కిన ఈ సీమకు మంజీర జీవనాడి. 1923లో ఆరంభమై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఆ నదీజలాలను పొలాలకు మళ్ళించింది. ఈ బృహత్కార్యానికి సారథ్యం వహించినవాడు సుప్రసిద్ధ ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. నీరు పారిన నేలలో చెరకు పండింది. 1937లో బోధను చెంత శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం వెలసింది. ఆసియాలోని అతిపెద్ద చక్కెర కర్మాగారాలలో ఒకటిగా అది ఖ్యాతి గాంచింది. కాలువల కింద సేద్యానికై కోస్తా జిల్లాల రైతు కుటుంబాలు తరలివచ్చి స్థిరపడిన చోట్లకు 'క్యాంపు' అనే పేరు నిలిచిపోయింది. ఈ విధంగా నీరు సంపదను, సంపద జనాన్ని ఆకర్షించాయి.

అయితే నదికి ఎల్లలు లేవు. మహారాష్ట్రలో జన్మించి, కర్ణాటకను దాటి వచ్చే మంజీరపై ఎగువన సింగూరు జలాశయం నిర్మితమై హైదరాబాదు దాహార్తిని తీర్చసాగింది. దిగువన నిజాంసాగర్‌కు ప్రవాహం తగ్గింది. పూడిక వల్ల నిల్వ సామర్థ్యమూ క్షీణించింది. మరోవైపు ఆర్థిక సంస్కరణల ఫలితంగా 2002లో కర్మాగారపు అధిక వాటా ప్రైవేటు యాజమాన్యానికి సంక్రమించింది. 2015 డిసెంబరులో అది మూతపడింది. కార్మికుల జీతాలు, రైతుల చెరకు దిక్కులేనివయ్యాయి.

అంతకు మునుపే ఎడారి దేశాల పిలుపు ఈ పల్లెలకు వినిపించింది. 1973లో అరబ్బు దేశాలు చమురు ఎగుమతులపై ఆంక్షలు విధించగా కొద్ది నెలలలోనే ముడిచమురు ధర దాదాపు నాలుగింతలయింది. అక్కడ ధనముంది, శ్రామికులు చాలరు. ఇక్కడ శ్రామికులున్నారు, పని చాలదు. అందువల్ల నిజామాబాదు, కరీంనగరు పల్లెల యువకులు గల్ఫు బాట పట్టారు. వారు పంపిన సొమ్ముతో ఇళ్ళు లేచాయి, అప్పులు తీరాయి. కాని ఆ బ్రతుకుదెరువు పరదేశపు రాజకీయాలకు లోబడినది. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు 1,70,000 మందికి పైగా భారతీయులను ప్రభుత్వం స్వదేశానికి తరలించవలసి వచ్చింది.

ఐక్యరాజ్యసమితి అంచనాల ప్రకారం 2023లో భారతదేశం జనాభాలో చైనాను అధిగమించింది. కాని యువజనబలం శాశ్వతం కాదు. జనాభా స్థిరంగా నిలవడానికి స్త్రీకి సగటున 2.1 మంది సంతానం అవసరం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ సగటు 1.8 మాత్రమే. అనగా నేటి యువతరం వెనుక వచ్చే తరం సంఖ్యలో చిన్నది. చేతులు అధికంగా ఉన్న కాలంలోనే వాటికి నైపుణ్యం సమకూర్చాలి. 2006లో ఏర్పడి డిచ్‌పల్లిలో నెలకొన్న తెలంగాణ విశ్వవిద్యాలయం వంటి విద్యాలయాల ప్రయోజనం ఇక్కడే ద్యోతకమవుతుంది. చదువుకున్న యువకుడికి వలస ఒక అవకాశం. చదువు లేనివాడికి అదే అనివార్యం.

కఠిన పదాలకు అర్థాలు

భవితవ్యం = జరగబోయేది
దాహార్తి = దప్పిక బాధ
ద్యోతకమగు = వెల్లడియగు
అనివార్యం = తప్పించుకోలేనిది

ప్రశ్నలు

1. నిజాంసాగర్ నిర్మాణం వల్ల నిజామాబాదు ప్రాంతంలో కలిగిన మార్పులను వివరించండి.
2. గల్ఫు వలసకు దారితీసిన కారణాలేవి?
3. యువజనబలం శాశ్వతం కాదనడాన్ని సమర్థించండి.