నొప్పి తగ్గింది కదా అని ఊరుకోకండి!



హాస్టల్లో జ్వరం వస్తే వార్డెన్ సారుకు చెబుతాం. కాలు బెణికినా చెబుతాం. పన్ను నొప్పి వస్తే మాత్రం ఎవరికీ చెప్పం. ఒక నొప్పి మాత్ర మింగి, దుప్పటి ముసుగేసుకొని పడుకుంటాం. నేనూ అదే చేశాను. తొమ్మిదో తరగతిలో కింది దవడ పన్ను నాలుగు రాత్రులు నన్ను నిద్రపోనివ్వలేదు. అయిదో రోజు నొప్పి దానంతటదే పోయింది. నయమైందని సంతోషించాను. ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షల ముందు చెంప వాచిపోయింది. అప్పటికే పన్ను చిగురు లోపలి దాకా విరిగి ఉండడంతో పీకించుకోక తప్పలేదు. నొప్పి పోయిన ఆ రోజు అసలేం జరిగిందో డాక్టరు గారు చెప్పాకే నాకు అర్థమైంది. మీకు ముందే తెలియాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

పన్ను లోపల ఏముంది?

పన్ను పైన ఎనామిల్ అనే పొర ఉంటుంది. మన శరీరంలో అన్నిటికన్నా గట్టి పదార్థం ఇదే. దాని కింద డెంటిన్ అనే పొర. మధ్యలో చిన్న గది. అందులో పల్ప్ అనే మెత్తని గుజ్జు ఉంటుంది. రక్తనాళాలు, నరాలు ఉండేది ఇందులోనే. ఈ గుజ్జు సన్నని కాలువల గుండా వేరు కొస దాకా వెళుతుంది. ఆ కాలువలనే రూట్ కెనాల్స్ అంటారు.

పిప్పి ఎనామిల్‌లో ఉన్నంతకాలం సాధారణంగా నొప్పి తెలియదు. డెంటిన్‌లోకి దిగితే పన్ను జివ్వుమంటుంది. గుజ్జు దాకా చేరితే అక్కడ వాపు మొదలవుతుంది. చుట్టూ గట్టి గోడలే కాబట్టి ఉబ్బడానికి చోటుండదు. అందుకే ఆ భరించలేని సలుపు. కొన్నాళ్లకు గుజ్జు చచ్చిపోతుంది. నరం చచ్చింది కనుక నొప్పి ఆగుతుంది. కానీ క్రిములు ఆగవు. వేరు కొస దాటి దవడ ఎముకలో చీము పట్టిస్తాయి. నా పన్నుకు జరిగింది ఇదే.

గుర్తించడం ఎలా?

1. చల్లని నీళ్లు తాగినప్పుడు జివ్వుమని కొద్ది క్షణాల్లో తగ్గిపోతే చాలాసార్లు మామూలు ఫిల్లింగుతో సరిపోవచ్చు. అర నిమిషం దాటినా సలుపు ఆగకపోతే, వేడి టీ తగిలినా నొప్పి లేస్తే గుజ్జు దెబ్బతిన్నదని అనుమానించాలి.

2. ఏమీ తినకుండానే నొప్పి రావడం, పడుకోగానే ఎక్కువై నిద్ర లేపడం.

3. నమిలినప్పుడు, వేలితో తట్టినప్పుడు ఆ ఒక్క పన్నే నొప్పి పెట్టడం, అది కాస్త పైకి లేచినట్టు అనిపించడం.

4. పన్ను దగ్గర చిగురు మీద పొక్కు లేచి, చీము కారి, మళ్లీ మళ్లీ రావడం.

5. ఆటల్లో దెబ్బ తగిలిన ముందు పన్ను నెలలు, ఏళ్ల తర్వాతైనా బూడిద రంగుకు మారడం.

6. తీవ్రమైన నొప్పి ఏ వైద్యమూ లేకుండా ఉన్నట్టుండి మాయమవడం.

వీటిలో ఒకటి కనిపించినంత మాత్రాన రూట్ కెనాల్ తప్పదని కాదు. చిగుళ్లు అరిగినా, పన్ను బీటలు వారినా, జలుబు చేసి సైనస్‌లు నిండినా పళ్లు నొప్పి పెట్టవచ్చు. పరీక్ష చేసి, ఎక్స్‌రే చూసి తేల్చవలసింది డాక్టరే. కానీ చెంప లేదా దవడ కింద వాపు, జ్వరం, నోరు తెరవలేకపోవడం, మింగడానికీ ఊపిరికీ కష్టం కావడం ఉంటే తెల్లవారేదాకా ఆగవద్దు. ఆ రాత్రే వార్డెన్ సారును లేపి ఆసుపత్రికి వెళ్లాలి.

చేయకూడనివి

లవంగ నూనె కాసేపు నొప్పి తెలియకుండా చేస్తుందే గానీ పిప్పిని ఆపలేదు. మా ఇంట్లో పెద్దవాళ్లు పన్ను కింద పొగాకు ముక్క పెట్టుకునేవారు. అది నోటి క్యాన్సర్‌కు దారి. ఆస్పిరిన్ మాత్రను చిగురు మీద పెడితే చిగురు కాలిపోతుంది. మందుల షాపులో యాంటీబయాటిక్ కొని వేసుకున్నా లాభం లేదు. చచ్చిన గుజ్జుకు రక్తం అందదు కనుక మందూ అక్కడికి చేరదు.

వైద్యం అంటే భయమా?

మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, పన్నుకు చిన్న రంధ్రం చేసి, పాడైన గుజ్జు తీసి, కాలువలను శుభ్రం చేసి మూసేస్తారు. దవడ పన్నుకైతే విరగకుండా సాధారణంగా క్యాప్ వేస్తారు. ఒకటి రెండుసార్లు, ఒక్కోసారి ఇంకోసారి వెళ్లవలసి ఉంటుంది. నరం లేకపోయినా ఆ పన్నుతో ఏళ్ల తరబడి నమలవచ్చు. హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో, కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాలలు ఉన్నాయి. అంత దూరం వెళ్లలేకపోతే దగ్గరలోని ఏరియా లేదా జిల్లా ఆసుపత్రిలో దంత వైద్యులున్నారేమో ముందు అడగండి.

ఇంకొక్క మాట. ఆరేళ్ల వయసులో వచ్చే పెద్ద దవడ పన్ను పాలపన్ను కాదు. అది పోతే మళ్లీ రాదు. రోజూ రెండుసార్లు, ముఖ్యంగా రాత్రి పడుకునే ముందు ఫ్లోరైడ్ పేస్టుతో తోముకోండి. పక్క మంచం తమ్ముడు చెంప పట్టుకొని కూర్చుంటే మాత్ర ఇచ్చి ఊరుకోకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నవాడిగా చెబుతున్నాను. నా నోట్లో ఆ ఖాళీ ఇప్పటికీ ఉంది. మీకు అది రాకూడదు.